వండే మనిషి కొలత

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే దారి పొడుగునా ఇప్పుడు 'కట్టెల పొయ్యి మీద వంట' అని బోర్డులు కనిపిస్తున్నాయి. కార్లు ఆపి మరీ తింటారు, ఆ రుచే వేరంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. కట్టెల మీద ఉడికిన అన్నం, నిప్పుల మీద మగ్గిన పులుసు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అయితే ఆ రుచిని పొగిడేవాళ్ళలో చాలామంది కంచం ముందు కూర్చున్నవాళ్ళు. నేను పొయ్యి ముందు కూర్చున్నదాన్ని. కోనసీమ మట్టి పొయ్యి, ఇల్లందు బొగ్గు పొయ్యి, ఖమ్మంలో కిరసనాయిలు స్టవ్వు, ఆ తర్వాత గ్యాసు, ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో ఇండక్షన్ స్టవ్వు, అన్నిటి మీదా వండాను. కోటల చరిత్ర రాసుకున్నాం, గుళ్ళ చరిత్ర రాసుకున్నాం. ఊరందరి కడుపూ నింపిన పొయ్యి గురించి మాత్రం రాసింది తక్కువ. నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

మా ఊరు అంబాజీపేటకి దగ్గర. నేను 1952లో పుట్టాను. ఆ రోజుల్లో మా వైపు పొయ్యి కొనుక్కునే వస్తువు కాదు, ఇంటి ఆడవాళ్ళే వేసుకునేవాళ్ళు. సంక్రాంతికి ముందు మా మామ్మ కొత్త పొయ్యి వేసేది. కాలవ గట్టు నుంచి జిగట మన్ను తెప్పించి, ఊక, సన్నగా తరిగిన ఎండుగడ్డి, కాస్త పేడ కలిపి, నీళ్ళు చల్లి కాళ్ళతో తొక్కేది. ఒక రాత్రి నానబెట్టి మర్నాడు మళ్ళీ తొక్కితే గానీ మన్ను చేతికి లొంగేది కాదు. ఊక, గడ్డి లేకపోతే ఎండేటప్పుడు బీటలు తీస్తుంది. ఆ ముద్దతో మూడు వైపులా గోడ కట్టి, ముందువైపు నోరు వదిలి, పైన మూడు గడ్డలు పెట్టేది. గిన్నె ఆ గడ్డల మీద కూర్చుంటుంది, వాటి సందుల్లోంచి మంటకి గాలి ఆడుతుంది. గడ్డలు మరీ పొట్టివైతే మంట నలిగి పొగ చిమ్ముతుంది. పొడుగైతే సెగంతా పక్కలకి పోయి అన్నం పలుకుగానే ఉండిపోతుంది.

కొలబద్ద ఏమీ ఉండేది కాదు. అన్నం గిన్నె తెచ్చి తడి గడ్డల మీద ఆనించి, చుట్టూ వేలు పోనిచ్చి చూసేది. నోరు జానెడు, ఎత్తు జానెడు మీద బెత్తెడు. ఆ జాన మామ్మదే. తను పీట మీద కూర్చుని చెయ్యి చాస్తే గరిటె గిన్నె అడుగు దాకా అందాలి, మోకాలికి సెగ తగలకూడదు. మా పెద్దమ్మ పొడుగు మనిషి, వాళ్ళింటి పొయ్యి మా పొయ్యి కన్నా ఎత్తు. ఏ ఇంటి పొయ్యి ఆ ఇంట్లో వండే మనిషి ఒంటికి కుదిరినది. నీడన ఆరనిచ్చి, సన్న బీటలు కనపడితే తడిగుడ్డతో మెత్తి, ఎర్రమన్నుతో అలికి ముగ్గు పెట్టాక, మంచిరోజు చూసి పాలు పొంగించి అప్పుడు దాని మీద వంట మొదలుపెట్టేవాళ్ళు.

పెరట్లో దాలిగుంట వేరే ఉండేది. పిడకలు పేర్చి నిప్పు వేసి పైన ఊక కప్పితే మంట లేవకుండా పొద్దస్తమానం సన్నసెగ ఇచ్చేది. దాని మీద పెట్టిన పాలకుండలో సాయంత్రానికి పాలు ఎర్రబడి, వేలు మందం మీగడ కట్టేది. ఆ పాలు తోడుపెడితే పెరుగు గడ్డ చాకుతో కోసినట్టు వచ్చేది. పెళ్ళి వచ్చిందంటే నేలలో పొడుగ్గా గాడిపొయ్యి తవ్వి, సరుగుడు దుంగలు పేర్చి, వరసగా గంగాళాలు ఎక్కించేవాళ్ళు. ఆ గాడిపొయ్యి దగ్గర మాత్రం మగవాళ్ళు వండేవాళ్ళు. ఇంట్లో రోజూ రాజేసే పొయ్యి ఆడవాళ్ళది.

కొబ్బరి సీమ కాబట్టి మాకు వంటచెరుకంటే మట్టలు, డొక్కలు, పీచు. కొబ్బరి మట్ట భగ్గుమని మండి అంతలోనే ఆరిపోతుంది. మనిషి పక్కనుంచి కదలకుండా ఎగదోస్తూ ఉండాలి. వానాకాలం వస్తే అన్నీ తడే. ఊదుగొట్టం పెట్టి ఊదుతుంటే కళ్ళవెంట ధారగా నీళ్ళు. రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి ఉంచేవాళ్ళు, పొద్దున రేపుకోవడానికి. నిప్పు ఆరిపోయిన ఇంటివాళ్ళు కొబ్బరి డొక్క పట్టుకుని పక్కింటికి వచ్చేవాళ్ళు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు లంకల్లో మట్టి పొయ్యిలన్నీ కరిగి బురదైపోయాయి. ఎన్నో ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవలేదు. నీళ్ళు తీశాక మా అమ్మ చేసిన మొదటి పని పొయ్యి వేసుకోవడమే.

అమలాపురంలో మా అత్తయ్య వాళ్ళింట్లో పొట్టు పొయ్యి ఉండేది. పట్నంలో కట్టెలు కొనాలి, కలప అడితిలో రంపపు పొట్టు చవగ్గా దొరుకుతుంది. పెద్ద రేకు డబ్బాకి అడుగున పక్కగా ఒక కంత కొట్టేవాళ్ళు. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, కింది కంతలోంచి ఒక కర్ర దానికి తగిలేలా పెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరేవాళ్ళు. తర్వాత రోకలి, కర్ర మెల్లగా తిప్పుతూ లాగేస్తే లోపల సొరంగం మిగిలేది. కింద నుంచి నిప్పు అంటిస్తే మూడు నాలుగు గంటలు ఊదే పని లేకుండా మండేది. కూరడంలోనే ఉంది పనితనమంతా. వదులుగా కూరితే సగం వంటలో పొట్టు కూలి పొయ్యి మూసుకుపోతుంది. అత్తయ్య ఈ పని పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు చేసుకునేది.

1971లో పెళ్ళయి ఇల్లందు వెళ్ళాను. ఆయన సింగరేణి బొగ్గు గనుల కంపెనీలో గుమాస్తా. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1871లో ఆ ప్రాంతంలోనే బొగ్గు కనుక్కున్నాడు. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకాలు మొదలయ్యాయి. 1920 నుంచి ఆ కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు స్థిరపడింది. దేశమంతా రైళ్ళు, మిల్లులు బొగ్గు మీద నడిచే కాలంలో మా కాలనీ వంటలూ బొగ్గు మీదే. అప్పటిదాకా నాకు తెలిసిన కుంపటి వేరు. అందులో వేసేది కట్టె బొగ్గులు, పొగ ఉండదు, విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరితే కాఫీ నీళ్ళు కాగుతాయి. ఇది రాక్షసి బొగ్గు. పాత ఇనప బకెట్టుకి లోపల మన్ను మెత్తి, మధ్యలో చువ్వలు అడ్డంగా గుచ్చి, కింద బూడిద తీసే కంత పెట్టిన పొయ్యి. చువ్వల మీద పుల్లలు, వాటి మీద బొగ్గు పెళ్ళలు. అంటించగానే పచ్చగా, చిక్కగా పొగ లేచేది, గొంతులో గంధకం వాసన దిగేది. అందుకని అందరం వాకిట్లోనే అంటించేవాళ్ళం. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాలనీ మొత్తం పొగలో మునిగేది. ఎదురింటి గోడ కనపడేది కాదు.

పక్క క్వార్టర్లో ఉండే ఆవిడ నాకు పొయ్యి పాఠం చెప్పింది. "పొగ మొత్తం పోయి, బొగ్గు ఎర్రగైనంక లోపలికి తీస్కపో అక్కా. జర నల్లగ కనపడ్డా తొందరపడకు. తలుపు మాత్రం ఎన్నడూ మూయకు." ఆ చివరి మాట విలువ తర్వాత తెలిసింది. గాలి చాలక కాలే బొగ్గులోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. చలికి కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్నవాళ్ళు తెల్లారి లేవని సంగతులు బొగ్గు ప్రాంతాల్లో అందరికీ తెలుసు. జొన్నరొట్టె కొట్టడం కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. బొగ్గు సెగకి రొట్టె పొంగినట్టు మరే పొయ్యి మీదా పొంగదు. పప్పు మాత్రం చూస్తుండగానే అడుగంటేది, ఎందుకంటే ఆ మంటకి తగ్గడం తెలియదు. సన్నసెగ కావాలంటే పైన బూడిద చల్లుకోవాలి. నా ఇత్తడి గిన్నెల కళాయి ఆ వేడికి త్వరగా పోయింది. సత్తు గిన్నెలు కొన్నాం.

ఆయనకి ఖమ్మంలో వేరే ఉద్యోగం రావడంతో అద్దె ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు కాలం మొదలైంది. అద్దె ఇంట్లో గోడ మసిబారితే ఇంటివాళ్ళు ఒప్పుకోరు. స్టవ్వు రెండు రకాలు. పంపు స్టవ్వు స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ 1892లో తయారుచేసిన ప్రైమస్ పద్ధతి. గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి మండించి బర్నరు వేడెక్కించాలి, గాలి కొట్టాలి, నూనె ఆవిరై నీలి మంటగా బుస్సుమని మండుతుంది. కంతలో మసి అడ్డం పడితే పిన్నుతో పొడవాలి. వత్తుల స్టవ్వుకి చప్పుడు లేదు, కానీ వత్తులన్నీ సమంగా కత్తిరించకపోతే ఒక పక్క పొగ, ఒక పక్క మంట. 1973 నాటి చమురు సంక్షోభం తర్వాత కిరసనాయిలు పొదుపు చేసే స్టవ్వు కావాలని ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం 1970ల్లో నూతన్ స్టవ్వు తయారుచేసింది. మా ఇంటికి అది వచ్చాక నెల నూనె మరికొన్ని రోజులు ఎక్కువ వచ్చేది. రేషన్ షాపు కిరసనాయిలు కోసం డబ్బా పట్టుకుని వరసలో నిలబడేదాన్ని. పిల్లలు తినే అన్నంలో కూడా ఆ వాసన ఉన్నట్టే అనిపించేది.

ఆ స్టవ్వు చరిత్రలో రాయక తప్పని పుట ఒకటుంది. 1970లు, 80ల్లో పేపరు తీస్తే 'స్టవ్వు పేలి కొత్త కోడలు మృతి' అని వార్త. పంపు స్టవ్వులు నిజంగానే పేలేవి, నాసిరకంవి, గాలి ఎక్కువ కొట్టినవి. అయితే అత్తగారు కాఫీ పెట్టినా, ఆడపడుచు పాలు కాచినా పేలని స్టవ్వు కోడలు వెలిగించినప్పుడే ఎందుకు పేలుతోందని మహిళా సంఘాలు వీధిలోకి వచ్చి అడిగాయి. ఆ ఆందోళన వల్లే 1983లో అప్పటి శిక్షాస్మృతిలో, భార్యని వేధించేవాళ్ళని శిక్షించే 498-ఎ సెక్షను, 1986లో 304-బి సెక్షను చేరాయి. పెళ్ళయిన 7 ఏళ్ళలోపు కాలిన గాయాలతో గానీ, అనుమానాస్పదంగా గానీ భార్య చనిపోయి, కట్నం కోసం వేధించారని తేలితే దాన్ని కట్నపు చావుగానే చూడాలంది 304-బి. ఆ ఆడపిల్లలు వంట చేస్తూ చనిపోయారని కాగితాల మీద రాసుకున్నారు. ఆ నింద మోసిన పొయ్యి తరఫున కూడా నాకు కోపం వస్తుంది.

పల్లెల్లో కట్టెల పొగ సంగతి మన దగ్గర చాలా ముందే ఆలోచించినవారు ఉన్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీస్ డైరెక్టరు ఎస్.పి. రాజు పొగలేని మట్టి పొయ్యి రూపొందించి, 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకం వేశారు. ఒకే మంట మీద వరసగా రెండు మూడు గిన్నెలు ఉడికేలా కంతలు, చివర పొగ గొట్టం. మన్నుతోనే కట్టుకోవచ్చు, ఖర్చు తక్కువ. ప్రపంచంలో పొయ్యిల మీద పనిచేసేవాళ్ళు నేటికీ ఆ లాబొరేటరీ ఇంగ్లీషు పొడి అక్షరాలతో పిలిచే 'హెర్ల్ చూలా' పేరు తలుస్తారు. ఒక ఇంజనీరు ఆనకట్టలూ వంతెనలూ కాకుండా వంటింటి పొగని తన సమస్యగా తీసుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం.

1980ల నడుమ కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం పెట్టింది. కోట్ల సంఖ్యలో పొయ్యిలు కట్టారు. మా అమ్మ ఇంట్లోనూ ఒకటి కట్టారు. దాని నోరు చిన్నది, కట్టెలు చీల్చి పొట్టిగా నరికితే గానీ పట్టవు. కొబ్బరి మట్టలు మండించే ఊళ్ళో అది ఎలా కుదురుతుంది? రెండో కంత మీద మా పులుసు గిన్నె కూర్చోలేదు. గొట్టంలో మసి పేరుకుంటే ఎవరు తీయాలో, ఎలా తీయాలో చెప్పినవాళ్ళు లేరు. అమ్మ కొన్నాళ్ళు అవస్థపడి, ఒక మధ్యాహ్నం నోరు పగలగొట్టి వెడల్పు చేసుకుంది. దాంతో పొగ మళ్ళీ మామూలే. ఇలాంటి కథ దేశమంతా నడిచింది. 2002లో కేంద్రం ఆ పథకాన్ని ఆపేసింది. కట్టేవాళ్ళు ఒక పూట మా అమ్మ పక్కన కూర్చుని, ఆమె ఏం మండిస్తుందో, ఏ గిన్నెలో వండుతుందో చూసి ఉంటే ఆ గొట్టం ఎన్నో ఏళ్ళు పనిచేసేది.

మన దేశంలో వంటగ్యాసు 1955లో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీ అమ్మకంతో మొదలైంది. 1965లో కలకత్తాలో మొదటి ఇండేన్ కనెక్షన్ ఇచ్చారు. మా ఇంటికి రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులు. ఎంపీల కోటా కూపను దొరికినవాళ్ళు అదృష్టవంతులు. ఖమ్మంలో మా ఇంటికి గ్యాసు బండ వచ్చిన రోజు వీధిలోవాళ్ళంతా వచ్చి చూశారు. లోపలున్న గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిసి ఇద్దరు మోయాల్సినంత బరువు. బిగించడానికి వచ్చిన అబ్బాయి, పొయ్యి నేల మీద పెట్టకూడదు, బండ కన్నా ఎత్తులో ఉండాలన్నాడు. గ్యాసు గాలి కన్నా బరువు, కారితే నేల మీద పేరుకుంటుంది. దానికి సహజంగా వాసన ఉండదు, కారితే తెలియడానికి ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు.

ఆ ఒక్క నియమంతో తెలుగు వంటిల్లు మారిపోయింది. నల్ల కడప బండతో గట్టు లేచింది. తరతరాలుగా పీట మీద కూర్చుని వండిన ఆడవాళ్ళం లేచి నిలబడ్డాం. మసి లేని గిన్నెలు, ఆవిరి తప్ప మరేమీ లేని గది. అగ్గిపుల్ల గీసిన క్షణంలో మంట, కావలసినంత తగ్గించుకునే చెవి. పొద్దున ఒక గంట నిద్ర మిగిలింది. ఆ గంటలోనే నేను మళ్ళీ పుస్తకాలు చదవడం మొదలుపెట్టాను. గ్యాసు నాకు ఇచ్చినది అంత పెద్దది, దాన్ని తక్కువ చేసి చెప్పను. గట్టు మాత్రం మేస్త్రీ తనకి అలవాటైన ఎత్తులో కట్టాడు. నేను పొట్టిదాన్ని. పాతికేళ్ళ పాటు చిన్న పీట మీద నిలబడి వండాను. భుజం నొప్పికి డాక్టరు మందిచ్చాడు గానీ, మీ వంటగట్టు ఎత్తెంత అని అడగలేదు.

పొగ మాటకొస్తే, మా మామ్మ దగ్గుతూనే పోయింది. కట్టెపొగకీ ఆ దగ్గుకీ సంబంధం ఉందని అప్పట్లో ఎవరూ అనలేదు, చుట్ట కూడా తాగని మనిషికి దగ్గేమిటని మాత్రం అనుకునేవాళ్ళు. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో శాస్త్రవేత్తలు ఇళ్ళలోకి వెళ్ళి గాలిని కొలిచిన పరిశోధన 2004లో అచ్చయింది. కట్టెలు, పిడకలు మండించే ఇళ్ళలో ఊపిరితిత్తుల లోతుకి దిగే సన్నటి ధూళి గ్యాసు ఇళ్ళకన్నా ఎన్నో రెట్లు ఎక్కువని, దాన్ని అందరికన్నా ఎక్కువ పీల్చేది వండే ఆడవాళ్ళేనని తేలింది. వాళ్ళు మీటరు పెట్టి తేల్చిన సంగతి మా ఇళ్ళలో దగ్గుగా, ఎర్రకళ్ళుగా, శుక్లాలుగా కనపడుతూనే ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల్లోని పేద ఆడవాళ్ళ పేరున గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016లో కేంద్రం అలాంటిదే ఉజ్జ్వల పథకం తెచ్చింది. కనెక్షన్ వచ్చింది గానీ, రెండో బండ తెప్పించడానికి డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నది మిగిలిపోయింది. నాకు తెలిసిన ఎన్నో ఇళ్ళలో టీకి గ్యాసు, అన్నానికీ స్నానాల నీళ్ళకీ కట్టెలు. ఖాళీ బండ మూలన ఉంటుంది. ఈ కష్టం గుర్తించే కాబోలు 2024లో తెలంగాణ ₹500కి బండ ఇవ్వడం మొదలుపెట్టింది, అదే ఏడు ఆంధ్రప్రదేశ్ ఏడాదికి 3 ఉచితం అంది. రెండూ మంచి పనులే, ఏ పార్టీ చేసినా మంచి పనులే.

ఇప్పుడు కరెంటు పొయ్యి ముందుకొస్తోంది. మా అమ్మాయి ఇంట్లో ఇండక్షన్ స్టవ్వుకి మంట లేదు. అద్దం కింది తీగచుట్టలో పుట్టే అయస్కాంత క్షేత్రం నేరుగా గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది. ఇనుముకీ, అయస్కాంతం అంటుకునే స్టీలుకీ పనికొస్తుంది. మామూలు సత్తు, ఇత్తడి, మట్టి గిన్నెలు పనికిరావు. పాలు చిటికెలో పొంగుతాయి, వంటిల్లు వేడెక్కదు, వేసవిలో అది వరమే. కానీ వంకాయ కాల్చి పచ్చడి చేయలేను, పుల్కా పొంగించలేను, అప్పడం నిప్పు మీద కాల్చలేను. వీటికోసం మా అమ్మాయి ఒక చిన్న గ్యాసు పొయ్యి పక్కన ఉంచుకుంది. మంచి పనే చేసింది.

ఇన్ని పొయ్యిల తర్వాత నేను అడిగేది ఒక్కటే. మామ్మ పొయ్యి ఆమెని దగ్గించింది, మళ్ళీ ఆ పొగలోకి ఏ ఆడపిల్లా పోకూడదు. కానీ ఆ పొయ్యి ఆమె చేతి కొలతకి పుట్టింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి పొయ్యినీ వేరెవరో నిర్ణయించారు, కంపెనీవాళ్ళు, ఇంటి యజమాని, మేస్త్రీ, ప్రభుత్వం. రేపు పల్లెలకి కరెంటు పొయ్యి ఇచ్చే పథకం రాసే ఆఫీసర్లు రాసే ముందు ఊళ్ళోకి వెళ్ళి, వండే మనుషుల్ని కూర్చోబెట్టి అడగాలి: ఏ గిన్నెల్లో వండుతారు, ఏ వేళకి వండుతారు, ఆ వేళకి మీ ఊళ్ళో కరెంటు ఉంటుందా, బిల్లు ఎవరు కడతారు, రొట్టెలు ఎలా కాలుస్తారు. ఇల్లు కట్టుకుంటున్న మీరూ అడగండి. గట్టు వేయించే రోజు మేస్త్రీని కాసేపు ఆగమని, ఇంట్లో వండేది ఎవరైతే వాళ్ళని అక్కడ నిలబెట్టి, మోచెయ్యి వంచమని, దానికి బెత్తెడు కిందికి గీత గీయించండి. ఇద్దరు వండే ఇల్లయితే ఇద్దర్నీ నిలబెట్టండి.